ఏడో కొవ్వొత్తి

పండగ సాయంత్రాల్లో ఫెయిర్ లాన్‌లో మా యూదుల వీధిన పోతే మీకు ఒక వరస కనబడేది. బేకరీ ముందు కాదు, మిన్నా ఇంటి పెరటి తలుపు ముందు. మేమంతా ఆడవాళ్ళం, మధ్యలో ఒకరిద్దరు మగవాళ్ళు. ఒక చేతిలో సన్నటి కొవ్వొత్తి, ఇంకో చేతిలో గాలికి అడ్డం పెట్టుకోవడానికి కాగితపు గ్లాసు. పండగ పూట మేం అగ్గిపుల్ల గీయకూడదు. పండగకి ముందు నుంచీ మండుతున్న నిప్పు ఎక్కడైనా ఉంటే దాన్నుంచి అంటించుకోవచ్చు. అంటించిన దాన్ని ఆర్పకూడదు, దానంతట అది అయిపోవాలి. దేవుడి నియమాలు ఎన్నో ఉన్నాయి గానీ ఈ కథకి ఈ మూడూ చాలు.

బుద్ధిమంతులు ముందురోజు పొద్దుగూకక ముందే రెండు రోజులు మండే గాజుగ్లాసు దీపం వెలిగించి పెట్టుకుంటారు. మేం పెట్టుకునేవాళ్ళం కాదు. ఎందుకండీ, మిన్నా ఇంట్లో ఉందిగా.

మిన్నా వంటగది కిటికీ పక్కన, ఇత్తడి స్టాండులో, నీలం తెలుపు చారలున్న జానెడు కొవ్వొత్తి ఇరవై ఏడేళ్ళుగా మండుతూనే ఉంది. కరిగింది లేదు, కురచ అయింది లేదు. గ్యాస్ మీటరు చూడ్డానికి వచ్చే అతను దాని మీదే సిగరెట్టు ముట్టించుకుని పోయేవాడు. మిన్నాకి దానితో ఉన్న బాధల్లా ఒక్కటే, వంటగది పైకప్పుకి మసి పడుతుంది. రెండేళ్ళకోసారి రంగు వేయించాలి.

"మందిరానికి రావచ్చుగా మిన్నా, ఇంత పండగ," అని మేం ఎవరం అడిగినా ఒకటే మాట.

"మండే దీపాన్ని ఖాళీ ఇంట్లో వదిలి ఎక్కడికి రానమ్మా. ఇల్లు తగలబడితే మీరొస్తారా ఆర్పడానికి? పండగ పూట మీకు ఆర్పే వీల్లేదు కూడా."

అలా అని అలా అని, పెళ్ళిళ్ళకి వెళ్ళలేదు, అన్న చనిపోతే క్లీవ్‌ల్యాండ్ వెళ్ళలేదు. జెరూసలేము చూడాలని అరవై ఎనిమిదిలో కొన్న ఎర్ర పెట్టె మంచం కింద అలాగే ఉంది, తాళంచెవి దానికే వేలాడుతూ. పెళ్ళి చేసుకోలేదు. అరవై ఆరేళ్ళ మనిషి, ఆ కిటికీ దగ్గరే కూర్చుని ఉండేది.

మా వరసలో ఎప్పుడూ కనబడని మనిషి ఒక్కరే. మిన్నాకి సొంత అక్క, పక్క వీధిలో ఉండే ఫ్రైదా. ఆవిడ ప్రతి పండగకీ ముందురోజే తన గ్లాసు దీపం తనే వెలిగించుకునేది. ఒకసారి అది మధ్యలో ఆరిపోతే రెండు రోజులు చల్లటి చేప, చల్లటి బంగాళాదుంపలు తింది గానీ చెల్లెలి గుమ్మం తొక్కలేదు.

ఆ కొవ్వొత్తి పుట్టిందే వాళ్ళిద్దరి మధ్య. ఫ్రైదా కొడుకు హోవర్డ్‌కి పదమూడేళ్ళు నిండినప్పుడు, మాలో పిల్లలు ధర్మగ్రంథం తోరా చదివి పెద్దవాళ్ళలో కలిసే వయసది, ఇదే మందిరం కింది హాల్లో విందు చేశారు. కేకు మీద పదమూడు కొవ్వొత్తులు. పిల్లవాడు ఒక్కొక్కరినీ ఒక చిన్న పద్యంతో పిలుస్తాడు, వాళ్ళొచ్చి ఒక్కొక్కటీ వెలిగిస్తారు. ఎవరికి ఎన్నోది అన్నది మాకు ప్రాణంతో సమానం. హోవర్డ్‌ని పెంచింది మిన్నా. ఫ్రైదా వారానికి ఆరు రోజులు భర్తతో పాటు బట్టల కొట్టులో నిలబడితే, వాడికి అన్నం పెట్టింది, జ్వరం వస్తే మేలుకుంది, తోరా చదివే రాగం వాక్యం వాక్యం నేర్పింది మిన్నా. ఆ రోజు తన వంతు కోసం నీలం పట్టు గౌను కుట్టించుకుని ముందు వరసలో కూర్చుంది. ఏడో కొవ్వొత్తికి పిలుపు వచ్చింది. "పాటర్సన్ నుంచి వచ్చిన అత్తయ్యలూ పిన్నులూ, నలుగురూ రండి." అంతే. పేరు లేదు. జాబితా రాసింది ఫ్రైదా.

మిన్నా మిగతా ముగ్గురితో పాటు లేచి వచ్చింది, వెలిగించింది, వెలిగించిన కొవ్వొత్తిని కేకులోంచి పీకి, చేత్తో పట్టుకుని, మెట్లెక్కి ఇంటికి పోయింది. అది ఇదే.

*

ఇప్పుడు హోవర్డ్ కూతురు షిఫ్రా వంతు వచ్చింది. ఆ పిల్ల బాత్ మిట్స్వాకి, అంటే అదే వేడుక ఆడపిల్లకి చేస్తే, తల్లి రోండా రెండేళ్ళ ముందే హాలు మాట్లాడింది. జూన్ నాలుగు, ఆదివారం, మధ్యాహ్నం విందు. పాటలు పెట్టేవాడికీ ఫొటోలు తీసేవాడికీ చెప్పింది. నూట ఇరవై ఆహ్వానాలు వెండి అక్షరాలతో అచ్చు వేయించి పోస్టు చేసింది. ఆ తర్వాత ఒకరోజు మా మందిరం గురువు రబ్బీ పెర్ల్‌స్టైన్ ఆహ్వానం అందుకుని, కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుని, ఫోను చేశాడు.

"రోండా, తేదీ ఏ క్యాలెండరులో చూశావమ్మా?"

"మా ఫ్రిజ్ మీదది, రబ్బీ. బ్యాంకు వాళ్ళు ఇచ్చారు."

"బ్యాంకు వాళ్ళకి తెలియకపోవచ్చు. ఆ రోజు షావువోత్. సీనాయి కొండ మీద మనకి తోరా ఇచ్చిన పండగ."

రోండా కుర్చీ లాక్కుని కూర్చుంది. రబ్బీ మెల్లగా ఒక్కొక్కటీ చెప్పాడు. పాటల పెట్టె లేదు. ఫొటోలు లేవు. అగ్గిపుల్ల లేదు. వెలిగించిన కొవ్వొత్తులు ఊదడం లేదు. పైగా పండగ పూట దీపం ఉత్త అలంకారానికి వెలిగించకూడదు, ఎవరికో ఒకరికి వెలుతురు ఇవ్వాలి. కింది హాలుకి కిటికీలు లేవు కాబట్టి కరెంటు దీపాలు సగం ఆపి ఉంచుదాం, అందరూ ఆ కొవ్వొత్తుల వెలుతురులో భోంచేస్తారు.

"ఇంకేం మిగిలింది రబ్బీ?" అంది రోండా.

"పది ఆజ్ఞలు మిగిలాయి. ఆ రోజు చదివేది అదే. సంవత్సరం మొత్తంలో అంతకంటే గొప్ప భాగం లేదు. దాన్ని మీ అమ్మాయి చదువుతుంది."

అందుకే, అయ్యలారా అమ్మలారా, ఆ రోజుది ఒక్క ఫొటో కూడా లేదు. నోటితో చెప్పుకోవడమే గతి. నేను చెబుతున్నాను.

మర్నాడు సాయంత్రం రోండా భోజనాల బల్ల మీద రంగు అట్టముక్కలు పరిచింది. ఒక్కో అట్ట ఒక్కో కొవ్వొత్తి. ఫ్రైదా పక్కన కూర్చుని అట్టలు అటూ ఇటూ జరుపుతోంది. హోవర్డ్ పక్కగదిలో టీవీ గొంతు పెంచుకుని క్షేమంగా ఉన్నాడు.

"మొదటిది మీరే అత్తయ్యా, పోయిన మావయ్య పేరు మీద," అంది రోండా. "బోస్టన్ వాళ్ళకి మూడు. క్లీవ్‌ల్యాండ్ వాళ్ళకి నాలుగు."

"క్లీవ్‌ల్యాండ్‌కి మూడు ఇయ్యి. బోస్టన్ వాళ్ళు ఏమిచ్చినా ముఖం మాడ్చుకునే కూర్చుంటారు, నాలుగిచ్చినా నష్టం లేదు."

షిఫ్రా ఏడో నంబరు అట్ట తీసి తన ముందు పెట్టుకుంది. "ఇది నాకు వదిలెయ్యండి."

"ఎవరికి?" అంది ఫ్రైదా.

"మిన్నా నానమ్మకి. ఒక్కదానికే."

పక్కగదిలో టీవీ గొంతు తగ్గింది. ఫ్రైదా తన ముందున్న అట్టలన్నీ పేకముక్కల్లా సర్ది ఒక మూలకి నెట్టింది.

"పిలుచుకో తల్లీ, నీ పండగ. ఆవిడ పేరు పలికితే మొదటి కొవ్వొత్తికి నేను లేవను. మోకాలు నొప్పి అని చెప్పు. నా మోకాలు నొప్పి అందరికీ తెలిసిందే."

రోండా కూతురి కాలు బల్ల కింద తొక్కింది. ఏడో అట్ట మీద 'స్కూలు స్నేహితులు' అని రాసింది. షిఫ్రా మళ్ళీ మాట్లాడలేదు. ఆ పిల్ల ఊరుకుంటే ఒప్పుకున్నట్టు కాదని తల్లికి తెలుసు గానీ, తెలిసినట్టు పైకి కనబడనివ్వలేదు.

ఎందుకంటే షిఫ్రా బుధవారాలు ఎక్కడికి పోతోందో రోండాకి తెలుసు. స్కూలు అయ్యాక మిన్నా వంటగదికి. మందిరంలో రాగం నేర్పేందుకు టేపు ఇస్తారు, కానీ టేపు తప్పు దిద్దదు. మిన్నా తండ్రి పాటర్సన్ మందిరంలో నలభై ఏళ్ళు ప్రార్థన పాడినవాడు. ఆయన గొంతు ఇద్దరు కూతుళ్ళలో మిన్నాకే వచ్చింది. ఫ్రైదాకి చెవి మాత్రం వచ్చింది.

"మళ్ళీ అను," అనేది మిన్నా, బఠాణీలు ఒలుస్తూ. "'ఆరు రోజులు' దగ్గర పైకి ఎత్తి ఆగు. వారమంతా పని చేసిన మనిషి మెట్టు మీద ఒక్క క్షణం కూర్చున్నట్టు ఆగాలి. మా నాన్న అలా ఆగేవాడు."

పిల్ల ఆగేది. కిటికీ పక్కన కొవ్వొత్తి కదలకుండా వినేది.

"నానమ్మా, నా విందులో పిలిస్తే వస్తావా?"

"ఎవరు పిలిస్తే?"

"నేను."

"నువ్వు పిలిస్తే రాను తల్లీ. నువ్వు నన్ను ఎప్పుడు మరిచావు గనక. పిలవాల్సినవాళ్ళు పిలవాలి."

*

శుక్రవారం పొద్దుగూకక ముందు ఫ్రైదా తన గ్లాసు దీపం వెలిగించింది, మామూలుగా కొనే దానికంటే పెద్దది కొని మరీ. శనివారం సబ్బాతు, నిప్పు ముట్టని విశ్రాంతి రోజు. చుక్కలు పొడిచాక పండగ మొదలయింది. మేమంతా యథాప్రకారం మిన్నా పెరట్లో వరస కట్టి మా ఇళ్ళకి నిప్పు తెచ్చుకున్నాం. మా దీపాలు నాలుగు గంటల్లో అయిపోతాయి, అయిపోయాయి. ఆదివారం పొద్దున ఊళ్ళో మిగిలిన నిప్పు రెండే చోట్ల. ఫ్రైదా గ్లాసులో, మిన్నా కిటికీలో.

మందిరం నిండిపోయింది. షిఫ్రా తెల్ల గౌను వేసుకుని పీట ఎక్కి నిలబడింది, బల్ల మీదికి అందదు మరి. మొదలుపెట్టింది. మేమంతా లేచి నిలబడ్డాం, పది ఆజ్ఞలకి లేచి నిలబడతాం. ఆ గొంతు ఏమని చెప్పను. సన్నగా, తొణక్కుండా, అంచు దాకా నింపిన గిన్నె మోసుకొస్తున్నట్టు వచ్చింది. 'ఆరు రోజులు' దగ్గరికి వచ్చి పైకి ఎత్తి, ఒక్క క్షణం ఆగింది.

ఆడవాళ్ళ వరసలో నా ముందే నిలబడిన ఫ్రైదా చేత్తో బెంచీ అంచు పట్టుకుంది. ఆ ఆగడం ఈ భూమ్మీద ఇంక ఒక్కరికే వచ్చు. చదువు అయిపోయి అందరం కూర్చున్నా ఆవిడ కూర్చోలేదు. నేను ఆవిడ శాలువా అంచు పట్టి లాగితే అప్పుడు కూర్చుంది.

తర్వాత కింది హాల్లోకి దిగాం. సగం దీపాలు ఆపి ఉన్నాయి, మసక మసకగా ఉంది. జున్ను పెట్టి చుట్టిన పల్చటి అట్లు, బ్లింట్సులు, మీగడ, హెర్రింగ్ చేప, మధ్యలో బండిచక్రమంత చీజ్‌కేకు, దాని మీద పదమూడు కొవ్వొత్తులు. ఫ్రైదా గ్లాసు దీపాన్ని తనే ఇంటి నుంచి మోసుకొచ్చింది. రోండా వంటగదిలో ఒక మూల పెట్టమంటే వినలేదు.

"మధ్యలో పెట్టు. నిప్పు ఎవరింటి నుంచి వచ్చిందో నలుగురూ చూస్తారు," అంది.

కేకు పక్కన టక్కున పెట్టింది. కరిగి నిండుగా ఉన్న మైనం ఒక్కసారి ఊగి ఒత్తిని ముంచేసింది. చిన్న పొగ వచ్చింది. అంతే.

నూట ఇరవై మంది ఆ పొగ వంకే చూశారు. మందిరం వంటగదిలో ఉన్నది కరెంటు పొయ్యి. రబ్బీ గడ్డం నిమురుకున్నాడు. బోస్టన్ ఆవిడ, "మా ఊళ్ళో అయితే రెండు పెట్టుకుంటాం," అంది.

"నేను వెళ్ళి మిన్నా పిన్ని దగ్గర అంటించుకొస్తాను అమ్మా," అన్నాడు హోవర్డ్.

"కూర్చో," అంది ఫ్రైదా. "ఆర్పింది నేను."

బల్ల మీంచి ఒక విడి కొవ్వొత్తి తీసుకుని మెట్లెక్కింది. నొప్పి మోకాలుతోనే.

అక్కడ జరిగింది మాకు ఎలా తెలుసంటే, మిన్నా పక్కింటి మోరీ తన గులాబీ మొక్కల మధ్య నిలబడి మొత్తం విన్నాడు. తలుపు తీసిన మిన్నా అక్క చేతిలో కొవ్వొత్తి చూసింది.

"వరస నిన్ననే అయిపోయింది."

"తెలుసు."

"నీ గ్లాసు ఏమైంది?"

"మునిగింది."

"ఎవరు కదిపారు?"

"నేనే."

మిన్నా నవ్వలేదు. నవ్వకుండా ఉండడానికి తలుపు పిడి గట్టిగా పట్టుకుందని మోరీ అన్నాడు. "రా. నిప్పు అడిగినవాళ్ళని ఎవర్నీ పొమ్మనలేదు ఇంతదాకా."

ఫ్రైదా వంటగదిలోకి వచ్చి పైకి చూసింది. "రంగు వేయించాలి."

"ఇరవై ఏడేళ్ళకి వచ్చి చెప్పింది."

ఫ్రైదా అంటించుకుని బయటికి వచ్చింది. మెట్టు దగ్గరే గాలికి పోయింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ అంటించుకుంది, పోస్టు డబ్బా దాకా వచ్చింది, పోయింది. మూడోసారి గేటు దాటింది, అక్కడ పోయింది. కాగితపు గ్లాసు తెచ్చుకోవాలని ఆవిడకి తెలియదు, ఎప్పుడైనా వరసలో నిలబడితే గదా. తిరిగి వచ్చి మిన్నా గుమ్మం మెట్టు మీద కూర్చుండిపోయింది. మిన్నా వచ్చి వెనక నిలబడింది.

"పొద్దున ఆ పిల్ల 'ఆరు రోజులు' దగ్గర ఆగింది," అంది ఫ్రైదా, వీధి వంక చూస్తూ. "నాన్నలాగా."

"ఆగిందా? బుధవారం సరిగ్గా ఆగలేదు. భయపడ్డాను."

"బాగా ఆగింది."

ఫ్రైదా ఆరిన కొవ్వొత్తి ఒత్తిని గోటితో సరిచేసింది.

"ఆ రోజు నేను మరిచిపోయి రాయలేదు," అంది ఫ్రైదా. "నిన్ను ఒక్కదాన్నే పిలిస్తే, వాణ్ణి ఎవరు పెంచారో ఊరంతా ఒక్కసారే చూస్తుంది. వాడు మొదట అమ్మా అన్నది నిన్ను. అందుకని నలుగురిలో కలిపాను."

"మరిచిపోయావని నేను ఒక్కరోజు కూడా అనుకోలేదు అక్కా."

మిన్నా లోపలికి వెళ్ళి ఇత్తడి స్టాండులోంచి కొవ్వొత్తి తీసి తెచ్చింది. గాలి వీస్తూనే ఉంది, దాని మంట నిటారుగా నిలబడింది.

"ఇది ఆరదు. కానీ ఇది ఇంకొకళ్ళ చేతికి ఇచ్చేది కాదు. నన్ను పిలుస్తున్నావా?"

"ఇక్కడ నిప్పుని పిలుస్తున్నాను," అంది ఫ్రైదా లేస్తూ. "నిన్ను అక్కడ పిలుస్తాను. నడు, నూట ఇరవై మంది ఆకలితో ఉన్నారు."

*

వాళ్ళిద్దరూ మెట్లు దిగడం మేం చూశాం. ముందు వెలుతురు వచ్చింది, వెనక మిన్నా వచ్చింది. పైన పాత నీలం గౌను. తొందరలో అది ఎప్పుడు వేసుకుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కేకు పక్కన తన కొవ్వొత్తి పట్టుకుని నిలబడింది. షిఫ్రా ఒక్కొక్కరినీ పద్యం చెప్పి పిలుస్తోంది. వచ్చినవాళ్ళు మిన్నా చేతిలోని మంట మీద అంటించుకుని తమ కొవ్వొత్తి వెలిగిస్తున్నారు. ఫ్రైదా, రోండా తల్లిదండ్రులు, క్లీవ్‌ల్యాండ్, బోస్టన్. అయిదు, ఆరు. ఏళ్ళ తరబడి తన పెరట్లో నిలబడినట్టే నిలబడింది మిన్నా, అందరికీ ఇస్తూ.

ఏడో పద్యానికి షిఫ్రా ఆగింది. మడత పెట్టిన కాగితం ఒకటి తీసి ఫ్రైదా చేతికి ఇచ్చింది. "ఇది నువ్వు చదువు నానమ్మా."

ఫ్రైదా విప్పి చూసింది. "ఇది ఎప్పుడు రాశావు?"

"పండగకి ముందే. ఈ రోజు రాయకూడదుగా."

ఫ్రైదా కళ్ళజోడు పెట్టుకుంది. గొంతు రాని మనిషి, అయినా హాలు చివరి బల్ల దాకా వినబడేలా చదివింది.

"నాన్నకి పాట నేర్పింది, నాకూ పాట నేర్పింది.
ఏడో దీపం ఈమెదే, ఎప్పుడో ఇవ్వాల్సింది."

కాగితంలో అంతవరకే ఉంది. తర్వాతి మాట ఫ్రైదా సొంతంగా అంది. "మిన్నా. నా చెల్లెలు. ఒక్కతే."

మిన్నా ముందుకి వచ్చి తన కొవ్వొత్తితో ఏడోదాన్ని వెలిగించింది. చేయి వెనక్కి తీసుకుంటుంటే ఆ చారల కొవ్వొత్తి అంచు నుంచి ఒక మైనం చుక్క జారి బల్లగుడ్డ మీద పడింది.

"గుడ్డ అద్దెది," అంది రోండా, అలవాటు కొద్దీ. ఆ తర్వాత ఏడ్చింది.

మిగతా ఆరూ వెలిగాయి. ఆ పదమూడింటి వెలుతురులో బ్లింట్సులు తిన్నాం. ఎదుటివాళ్ళ ముఖాలు ఎంత బాగున్నాయో ఆ రోజు చూసుకున్నాం. మిన్నా కొవ్వొత్తి అందరి కొవ్వొత్తుల్లాగే కరుగుతోంది. ఊదే వీల్లేదు గనక అక్కచెల్లెళ్ళిద్దరూ దాని పక్కనే కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. హోవర్డ్ వాళ్ళ మధ్య మూడో కుర్చీ వేసుకున్నాడు. వచ్చిన ప్రతివాళ్ళకీ మిన్నా షిఫ్రా చదివిన సంగతి చెప్పించుకుంది, ఎక్కడ ఎత్తింది, ఎక్కడ ఆగింది అని. ఎంత చెప్పినా చాల్లేదు. మూడు గంటలకి ఒత్తి వాలి, మైనంలో పడుకుని, తనంతట తనే అయిపోయింది.

మిన్నా ఖాళీ అయిన రెండు చేతులూ చూసుకుంది. "ఇంట్లో ఇంక నేను చూసుకోవాల్సింది ఏమీ లేదన్నమాట," అంది.

ఎర్ర పెట్టె మంచం కింది నుంచి శరత్కాలంలో బయటికి వచ్చింది. జెరూసలేముకి రెండు టిక్కెట్లు తీశారు, కిటికీ పక్క సీటు ఎవరిదని విమానం ఎక్కేదాకా పోట్లాడుకున్నారట.

మా సంగతి చెప్పాలంటే, ఇన్నేళ్ళకి అలవాటు పోయింది, ముందురోజు గ్లాసు దీపం పెట్టుకోవడం ఎవరికీ గుర్తుండదు. ఆ మరుసటి వసంతంలో పస్కా పండగ రెండో సాయంత్రం మేమంతా ఫ్రైదా పెరటి తలుపు ముందు వరస కట్టాం. ఊళ్ళో మరిచిపోకుండా వెలిగించేది ఆవిడే కదా. నా వెనక ఎవరో వచ్చి నిలబడ్డారు. చూస్తే మిన్నా, మళ్ళీ ఎక్కడో తిరిగొచ్చి ఎండకి కందిన ముఖంతో, చేతిలో కొవ్వొత్తి, కాగితపు గ్లాసు.

నేను పక్కకి జరిగాను. "మీరు ముందుకి వెళ్ళండి. మీ అక్క ఇల్లు కదా."

"వద్దమ్మా," అంది. "ఇన్నేళ్ళూ ఇస్తూనే ఉన్నాను. వరసలో నిలబడి తీసుకోవడం ఎలా ఉంటుందో చూడనీ."